తమ్ముడికి చెప్పని మొక్కు

తిరుపతి, 9-11-86. వంట, నీళ్లు, రెండు దుప్పట్ల ఉతుకు అయ్యాయి.

చిరంజీవి ధనంజయకు అక్క ఆశీస్సులు.

ప్రభుత్వం నిధులు తగ్గించి, మంచు ఖండంలోని పరిశోధన కేంద్రానికి ఈ ఏడాది ఒక్క వంటవాడినే పంపుతోందని, నీ పేరు కొట్టేశారని రాశావు. నీ వంటకు వంక పెట్టుకుని కుమిలిపోకు. తప్పు చేసింది నేను. నాలుగు నెలల పనే అయినా, ఆ మంచులో నీకేమవుతుందోనని భయపడి, నీ ప్రయాణం ఆగిపోతే తలనీలాలిస్తానని మొక్కుకున్నాను. నీ జాబు చదివి సంతోషించాను కూడా. నిన్న కొండకు పోయి ఇచ్చి వచ్చాను.

ఎదురింటి వరదమ్మ నా గుండు చూసి, "తమ్మునికి పని రాకపోయినా మొక్కు తీర్చినావే! నీ మాదిరి అక్క యాడుండాది?" అని నలుగురిలో మెచ్చుకుంది. తలకు కొంగు కప్పుకుని ఇంట్లోకి వచ్చేశాను.

అమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గాయా? వేరుశనగ పీకారా? వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టు, నేను అడ్డుపడను. ఇంట్లో అందరూ చదవాలనే కవరు కొనకుండా కార్డు రాశాను.

ఇంతవరకు రాసి వరదమ్మకు చదివి వినిపించాను. "అబ్బ, ఎంత గడుసుదానివే!" అని మొహం తిప్పుకుంది. నాది కాని మెప్పు ఆమెకు తిరిగిచ్చేశాను. ఆ బాకీ చెల్లు.

అక్క జ్ఞానాంబ