పొట్టిదే బిగించు నాన్నా

నాన్నా,

రెండు మానిఫోల్డులూ తుడిచి గరాజ్‌లో బల్ల మీద పెట్టాను. ఇంజను మీద పొట్టిదే బిగించు. తమ్ముడు డ్వేన్ మోజుపడ్డ ఆ ఎత్తుది వద్దు. అది రేసు సరుకు, వేగం అందుకుంటే తప్ప ఇంజనుకి గాలి అందదు, ఊపిరాడదు. రేపు చర్చి నుంచి సమాధుల దాకా తమ్ముడి శవపెట్టె వెనకాలే, లైట్లు వేసుకుని, నడక వేగంతో వెళ్ళాలి. వాడి కారు దారిలో దగ్గి ఆగిపోకూడదు.

దీని మీదే కదా మీరిద్దరూ మాటలు మానేసింది! "రోడ్డు మీద తిరిగే బండికి పొట్టిదేరా" అని నువ్వు, "అది ముసలాళ్ళకి" అని వాడు. ఒకే గరాజ్‌లో వీపులు తిప్పుకుని పనిచేశారు. నీ మాటే రైటు. కానీ ఒక్కసారి నువ్వే ముందు పలకరిస్తే నీ సొమ్మేం పోయేది?

నోరీన్ ఆంటీ తెచ్చిన మాకరోనీ ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకుని తిను. పూలు తేవడానికి వెళ్తున్నా.

లొరేటా

ఇంకో మాట. ఈ పొట్టిది ఎక్కడిదా అనుకుంటావు. డ్వేన్ మంచం కింద దొరికింది, వాడు అట్టపెట్టె కూడా విప్పలేదు, నేనే విప్పాను. వాడే కొన్నాడు నాన్నా. నీకు చెప్పడానికి మొహం చెల్లక దాచుకున్నట్టున్నాడు.