ఎయినో తాత బోరు పాయింటు

ఫిన్లాండు,
జనవరి 12

మాచర్లలో ఉన్న పెదనాన్న సామ్యేలు గారికి మీ వందన వందనాలు.

నేను ఫోన్ చేస్తే మీరు బోరు రిగ్గు పక్కన ఉంటారు, మీరు చేస్తే నేను డ్యూటీలో ఉంటాను. అందుకే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను. మీరూ అలాగే పంపండి.

నేను పనిచేసే వృద్ధాశ్రమంలో ఎయినో తాత అని ఎనభై ఏళ్ళాయన ఉన్నాడు. ఇక్కడ చలికాలం వస్తే చెరువు మొత్తం గడ్డకడుతుంది. దాని మీద నడిచి వెళ్ళి, చేత్తో తిప్పే ఆగర్‌తో, అంటే వడ్రంగుల బరమాకు పెద్దన్న లాంటి దానితో, బెజ్జం వేసుకుని కూర్చుంటారు. ఆయనకు ఊహ తెలిసినప్పటి నుంచీ చలికాలమంతా అదే పని. ఈ ఏడు భుజం పట్టేసింది. "తన చేత్తో తాను బెజ్జం వేయగలిగితేనే పంపిస్తాను, లేకపోతే గదిలోనే ఉండాలి," అని మా మేనేజరమ్మ తేల్చేసింది. అప్పటి నుంచి ఆయన సరిగా తినడం లేదు.

కొత్త ఆగర్ కొనే పని నా నెత్తిన పడింది. మా పెదనాన్న నీళ్ళెక్కడ పడతాయో బోర్లకు పాయింట్లు చూస్తాడని ఎప్పుడో గొప్పలు పోయాను, దాని ఫలితం ఇది. కొట్లో రెండున్నాయి. ఒకటి నాలుగున్నర అంగుళాలది, ఒకటి ఆరంగుళాలది. ఏది తీసుకోమంటారు?

ఇట్లు,
కాళ్ళు పీకుతున్న మీ కూతురు
వందన

తా.క.: రెండింట్లో ఒకటి చెప్తే చాలు. మిగతావి వద్దు.


మాచర్ల

చిరంజీవి వందనకు పెదనాన్న దీవెనలు.

నీ ఉత్తరం చదివి మనసు బరువెక్కింది. అంతటి దేశంలో కూడా నీళ్ళకు ఇంత కరువుందని ఇప్పటిదాకా తెలియదు. ఎనభై ఏళ్ళ మనిషికి చేత్తో బోరు వేసుకోవలసిన ఖర్మేమిటి? మీకు కరెంటు రాదా?

ఇక్కడా అంతే. రామయ్య మిరప చేలో నిన్న ఐదో బోరు వేశారు. తొమ్మిది వందల అడుగులు పోయినా దుమ్మే. "ఇంకో వంద పోదాం సామ్యేలూ, ఏందిట్టా నిలబడ్డావు," అంటాడు రామయ్య. రిగ్గువాడు నా వంక చూస్తాడు. నేను ఆకాశం వంక చూస్తాను. జీవితమంతా పాయింట్లు చూసినవాణ్ణి, ఇంత విసుగు మాత్రం ఎప్పుడూ రాలేదు.

నీ సంగతికొస్తే, ఆరంగుళాలదే కొను. నాలుగున్నరలో కేసింగ్ పైపు వేసి మోటారు దింపడం కుదరదు. ఇంతకీ మీ దగ్గర ఎన్ని అడుగుల్లో పడుతున్నాయి?

ఇట్లు,
నోట్లో దుమ్ముతో
మీ పెదనాన్న

తా.క.: మీ పెద్దమ్మ కరుణమ్మ ఈ సంగతి చర్చిలో చెప్పింది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఫిన్లాండు నీటి ఎద్దడి మొదటి అంశం. మాచర్ల నీటి ఎద్దడి రెండోది.


ఫిన్లాండు

పెదనాన్నకు వందనాలు.

ఇక్కడ నీళ్ళకు కరువు లేదు. మేము నిలబడేదే నీళ్ళ మీద. పైన అడుగున్నర మందాన మంచుగడ్డ, దాని కింద చెరువు. కేసింగ్ వద్దు, మోటారు వద్దు. ఆ బెజ్జంలోంచి గాలం వేసి చేపలు పడతారు, అంతే.

తాత మాత్రం నిన్న కూడా పళ్ళెం ముట్టుకోలేదు. బెజ్జం వేయలేకపోతే ఇక ఆయనకు చెరువు లేదు. చెరువు లేకపోతే ఆయన మనకు మిగలడేమోనని నా భయం. నాలుగున్నరది తేలిగ్గా తిరుగుతుందని కొట్టాయన అంటున్నాడు. మీ మాట కోసం ఆగాను.

ఇట్లు,
వందన

తా.క.: పెద్దమ్మను ఆ ప్రార్థన ఆపమనండి. అది మొదలైనప్పటి నుంచి ఇక్కడ ఒకటే మంచు కురుస్తోంది.


మాచర్ల

వందనమ్మకు దీవెనలు.

అడుగున్నర! ఆ మాట రామయ్యకు చదివి వినిపించాను. "అడుగున్నరంటే గడ్డపారతో పొడిస్తే పడతయ్యి గదయ్యా. దానికి కొట్లో బేరమేంది?" అన్నాడు.

నన్ను కలవరపెట్టింది వేరే సంగతి. ముసలాయన బోరు వేస్తేనే చేపలు, చేపలు తెస్తేనే భోజనం, లేకపోతే గదిలో పెట్టి తలుపేయడమా? ఇదేం ఆశ్రమం? మన నరసరావుపేట కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు. మీ దగ్గర ఏ వారం? ఆయన చేత వేలిముద్ర వేయించి నువ్వే పట్టుకెళ్ళు.

కొట్టాయన మాట నమ్మకు. నాలుగున్నర బెజ్జంలోంచి మన సాగర్ బొచ్చె చేప తల కూడా బయటికి రాదు. చేప సగంలో ఇరుక్కుంటే ఆ పాపం ఎవరిది? ఆరంగుళాలదే కొను. ఇది పెదనాన్న మాట.

ఇట్లు,
సామ్యేలు

తా.క.: నీళ్ళ ప్రార్థన ఆపించాను. ఇప్పుడు ముసలాయనకు అన్నం పెట్టించమని మొదలుపెట్టారు. "ఆ మేనేజరమ్మ మనసు కరగాల," అంటూ మీ పెద్దమ్మ తినడం మానేసింది. అంటే వండటం కూడా మానేసింది.


ఫిన్లాండు

పెదనాన్నా,

మీ మాట విన్నాను. ఆరంగుళాలది కొన్నాను. చెరువు అంచున తాత దాన్ని రెండు చుట్లు తిప్పి, భుజం పట్టుకుని కూలబడ్డాడు. వాడిన సరుకు వెనక్కి తీసుకోనని కొట్టాయన చెప్పేశాడు. శనివారం మేనేజరమ్మే స్వయంగా వచ్చి చూస్తుందట. అదే ఆఖరు.

ఇక్కడ ఎవరూ ఎవరికీ తలుపేయలేదు. భోజనం వేళకు పెడతారు, ఆయనే తినడు. నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు బాధగా ఉంది. ఆయన గదిలోకి వెళ్ళాలంటే ఏడుపొస్తోంది.

వందన

తా.క.: వేలిముద్ర అక్కర్లేదు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు.


మాచర్ల

వందనమ్మా,

ఏడవకు. తప్పు ఆగర్‌ది కాదు, పాయింటుది. అంచున ఎవరైనా బోరు వేస్తారా? కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని మెల్లగా నడవాలి. అది ఎక్కడ నిక్కి నిలబడితే అక్కడ వేయాలి. ఆ పెద్దాయన చేతనే నడిపించు. కొబ్బరికాయ దొరక్కపోతే అలాంటిదే ఇంకేదైనా సరే.

శనివారమే నేను కూడా రామయ్య ఆరో బోరుకు పాయింటు చూడాలి. వద్దంటే వినడం లేదు. నీకన్నా ముందు నేనే ఏడ్చేలా ఉన్నాను.

ఇట్లు,
అలిసిపోయిన పెదనాన్న

తా.క.: కొబ్బరికాయ సంగతి మన పాస్టరు గారి చెవిన పడనీయకు. "మనకెందుకయ్యా అట్టాంటియి," అంటాడు. ఆయనింటి బోరుకు పాయింటు చూసింది నేనే. నేను కాయ పట్టుకుని నడిచినంతసేపూ ఆయన కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.


ఫిన్లాండు

పెదనాన్నకు వేయి వందనాలు.

నీళ్ళు పడ్డాయి!

కొబ్బరికాయ దొరకలేదు. వంటగదిలోంచి పెద్ద బంగాళాదుంప తెచ్చి, మీరు రాసింది తాతకు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన శ్రద్ధగా విని, మళ్ళీ చెప్పమన్నాడు.

శనివారం మేనేజరమ్మ చూస్తుండగా దుంప అరచేతిలో పెట్టుకుని బయల్దేరాడు. ఒకచోట ఆగి తల ఊపాడు. ఇంకోచోట పెదవి విరిచాడు. చెరువు మధ్యకు వెళ్ళాక దుంప నిటారుగా లేచింది. ఎలా లేచిందో నాకు తెలియదు. అక్కడ పైమంచును కాలితో తోసి, ఆగర్ ఆనించి నాలుగు చుట్లు తిప్పాడో లేదో, బుడుంగున నీళ్ళు పైకొచ్చాయి. మేనేజరమ్మ తెరిచిన నోరు మూయలేదు. ఈ చలికాలమంతా వెళ్ళొచ్చని అక్కడికక్కడే చెప్పేసింది. తాత గాలం వేసి కూర్చుని, నేను తెచ్చిన రొట్టె మొత్తం తిని, ఇంకోటుందా అని అడిగాడు. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

మేనేజరమ్మ వెళ్ళిపోయాక, "చూశారా మా పెదనాన్న విద్య!" అన్నాను.

ఆయన ఒళ్ళో పడ్డ రొట్టె పొడి దులుపుకున్నాడు. "నిన్న పక్కింటాయన మోటారు ఆగర్‌తో ఎనిమిదంగుళాల బెజ్జం వేసింది ఇక్కడే. నా కిటికీలోంచి చూశాను. రాత్రికి పైన అప్పడమంత పల్చగా మంచు కట్టింది," అన్నాడు.

మరి దుంప ఎందుకన్నాను.

"దుంప లేకపోతే ఆవిడ కిందున్న మంచు వంక చూసేది," అన్నాడు.

ఇట్లు,
చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్న
మీ వందన

తా.క.: మీకు ప్రత్యేకంగా నమస్కారాలు చెప్పమన్నాడు. "కొబ్బరికాయ పట్టుకునే ముందు పక్క చేలో నీళ్ళెక్కడ పడ్డాయో మీ పెదనాన్న కూడా చూసుకునే ఉంటాడు. ఆ ముక్క రాయడం మర్చిపోయినట్టున్నాడు," అన్నాడు. నిజమేనా పెదనాన్నా? రామయ్య చేను చుట్టుపక్కల ఎవరికీ నీళ్ళు లేవు కదూ?