చెల్లిని వద్దన్నాక

జూన్ 3, మంగళవారం

ఒకరిని వద్దనే హక్కు మనకు ఎక్కడినుంచి వస్తుంది? ఏళ్ల తరబడి ఈ ప్రశ్నను మోస్తున్నాను. ఈరోజు అది ఆఫీసులో పనిగా ఎదురైంది.

మా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో ఇప్పుడు డి అక్షరం నడుస్తోంది. నా వంతుకు డిస్వేడ్ వచ్చింది. వద్దని చెప్పు, అని అర్థం రాసి పెద్దాయనకిచ్చాను. ఎడిటర్‌ని మేమందరం పెద్దాయన అనే అంటాం. ఆయనదొక పద్ధతి. రాసిన అర్థంతో వాక్యం అల్లి, పక్క టేబుల్ మనిషితో పైకి అనాలి. నోరు తిరక్కపోయినా, విన్నవాళ్లు నవ్వినా కొట్టేయాలి. నేను అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, నువ్వు వద్దన్నావు, సరేనమ్మా, అవతలివాడు మానాడా లేదా, అన్నారు. మానకపోతే అది వట్టి సలహా, దానికింత బరువైన మాటెందుకు, అన్నారు.

సాయంత్రం అమ్మ ఫోన్. చెల్లి కిడ్నీ ఇస్తానంటోందట. అదీ విడాకులిచ్చినవాడి తల్లికి! దానికి మతి పోయిందే, నువ్వు చెప్తేనే వింటుంది, ఎలాగైనా మాన్పించు, అని ఒకటే ఏడుపు.

జూన్ 5

చెల్లి డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తుంది. పక్క సీట్లో కూర్చుని, తన కాలి కిందున్న రెండో బ్రేకుతో రోజంతా ఊళ్లోవాళ్ల ప్రాణాలు కాపాడుతుంది. లంచ్ టైములో ఆ కారులోనే కూర్చున్నాం. నేను నేర్చుకునేవాళ్ల సీట్లో.

విడాకులయ్యాక ఇంకా అత్తగారేంటే, అన్నాను. విడాకులిచ్చింది వాడికక్కా, ఆవిడకి కాదు, అంది. వాడు తాగొచ్చిన రోజుల్లో ఆవిడ నా గది గుమ్మానికి అడ్డంగా పక్క వేసుకుని పడుకునేది, నువ్వు చూశావా, అంది. నేను చూడలేదు. కన్నకొడుకున్నాడుగా, వాణ్ణి ఇవ్వమను, అన్నాను. వాడివి ఎప్పుడో సీసాలకి రాసిచ్చేశాడు, అని నవ్వింది.

ఆపరేషన్ గురించి చదివిందంతా చెప్పాను. ఓపిగ్గా వింది. అక్కా, ఈ కారులో బ్రేకు నా వైపు కూడా ఉంది, నువ్వంత గట్టిగా తొక్కక్కర్లేదు, అంది. కిందకి చూశాను. నిజంగానే నా కాలు బ్రేకు మీద ఉంది.

జూన్ 6

డిటర్ అంటే భయపెట్టి ఆపడం. డిస్కరేజ్ అంటే ఉత్సాహం నీరుగార్చడం. డిస్వేడ్ అంటే కారణాలు చెప్పి, నచ్చజెప్పి మాన్పించడం. కాగితం మీద మూడూ ఎంత విడివిడిగా, ఎంత మర్యాదగా ఉన్నాయో! చెల్లితో మాట్లాడేటప్పుడు మూడూ నా నోట్లోంచి ఒకేసారి వస్తున్నాయి.

జూన్ 11

హాస్పిటల్‌కి వెళ్లాం. రక్తసంబంధం కాదు కాబట్టి ఇంటివాళ్లతో కూడా మాట్లాడాలట. కౌన్సెలర్ మా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టింది. ఇచ్చేవాళ్లు చివరి నిమిషంలోనైనా మానుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు, అంది. అలా మానుకుంటే ఆ సంగతి మేం ఎవరికీ చెప్పం, పరీక్షల్లో సరిపడలేదు అనే అంటాం, రోగికీ అదే, ఇంట్లోవాళ్లకీ అదే, ఎవరూ వాళ్లను వేలెత్తి చూపకూడదు కదా, అంది. తర్వాత నన్ను బయట కూర్చోమంది.

వరండాలో చెల్లి అత్తగారు కనిపించింది. డయాలసిస్ అయి, చేతికి కట్టుతో బెంచీ మీద ఒరిగి ఉంది. అమ్మాయీ, నువ్వయినా దానికి చెప్పమ్మా, నేను మొత్తుకుంటున్నా వినడం లేదు, నా వయసుకి ఇంకా దేనికి, అంది. అంటూనే చెల్లి ఉన్న గది తలుపు వంకే చూస్తోంది.

మంచినీళ్లు తెస్తానని చెప్పి లేచాను.

జూన్ 14, శనివారం

చెల్లి ఇంటికి వెళ్లాను. పక్కగదిలో దాని కూతురు స్కిప్పింగ్ చేస్తోంది. తాడు నేలకి తగులుతున్న చప్పుడు.

రేపు నీ కూతురికే కావాల్సొస్తే ఎవరిస్తారే, అన్నాను.

ఈ మాట అనాలని వెళ్లలేదు. మంచి కారణాలు చాలానే పట్టుకెళ్లాను. అన్నీ అయిపోయాక చేతికందింది ఇదొక్కటే. చెల్లి గిన్నె తోముతూ ఆగిపోయింది. కుళాయి కట్టేయలేదు, నేనే కట్టాను. కూతురు వచ్చి మంచినీళ్లు తాగి వెళ్లింది. నువ్వెళ్లక్కా, అంది చెల్లి.

దారిలో గెలిచినట్టు అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

జూన్ 15

ఫోన్ చేయలేదు. అది కూడా.

జూన్ 20

సరిపడలేదటక్కా, అంది ఫోన్లో. బయట వాన పడుతోంది అన్నంత మామూలుగా అంది. ఏం సరిపడలేదు, అన్నాను. ఏమో, డాక్టర్లకే తెలియాలి, ఇక్కడ ఒకాయన రివర్స్ గేర్లో గోడెక్కేలా ఉన్నాడు, ఉంటా, అని పెట్టేసింది.

అమ్మ పొంగిపోయింది. నాకు తెలుసే, నువ్వు చెప్తే వింటుందని, అంది. పరీక్షల్లో పోయిందమ్మా, అన్నాను. ఏదైతేనేం, అంది.

ఏదైతేనేం? బ్లడ్ గ్రూప్ మొదటే కలిసింది. కానీ ఇంకా ఎన్ని పరీక్షలుంటాయో నాకేం తెలుసు. మానుకున్నా సరిపడలేదు అనే అంటామని కౌన్సెలర్ చెప్పినప్పుడు మేమిద్దరం పక్కపక్కనే ఉన్నాం. నేను విన్నానని చెల్లికి తెలుసు.

గదిలోనే తిరుగుతున్నాను. అల్మరా సర్దాను. మళ్లీ తీసి మళ్లీ సర్దాను.

జూన్ 23

డిస్వేడ్‌కి ఉదాహరణ ఇంకా రాలేదన్నారు పెద్దాయన. ఆమెను మాన్పించాలని చూశాను, అన్నాను పక్క టేబుల్ వైపు తిరిగి. ఎవరూ నవ్వలేదు. మరి మానిందా, అన్నారు పెద్దాయన. అది వాక్యంలో లేదండీ, అన్నాను. సరే, ఉంచు, అన్నారు.

జూలై 2

చెల్లి అత్తగారిని డయాలసిస్‌కి తనే తీసుకెళుతోంది. ఈరోజు నన్నూ ఎక్కించుకుంది. ఆవిడ ముందు సీట్లో, నేను వెనక. ఏం కొంపలంటుకున్నాయని అంత స్పీడు, చంపుతావా ఏంటే నన్ను, అని దారంతా ఆవిడ తిడుతూనే ఉంది. చెల్లి నవ్వుతూనే ఉంది.

నేను అడిగితే నిజం చెప్తుంది. అడగాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను.