తలుపు మేకుకి తొమ్మిదో నంబరు

కొల్లేటి గట్టు కాలనీ,
ఆగస్టు 11, 2025

ప్రియమైన మాస్టారికి,

శాలిని నమస్కారాలండీ. మ్యాచ్ అయిన మర్నాడు ఉత్తరం రాసి తీరాలన్న మీ రూలు ఇరవై ఏళ్ళయినా నన్ను వదల్లేదు. ఫోన్ చేద్దామంటే మీకు వినపడదు. వినపడినా "కాయితం మీద పెట్టవే, నోటి మాట గాలికి పోద్ది" అంటారు. మోకాళ్ళెలా ఉన్నాయండీ? మహబూబ్ బీ గారు ఇంకా కుట్టు మిషన్ తొక్కుతున్నారా?

జిల్లా బాలికల కప్పులో నిన్న ముదినేపల్లిలో మా స్కూలు పిల్లలు రెండు సున్నాతో గెలిచారు. సంతోషించాల్సింది పోయి తల పట్టుక్కూర్చున్నాను. నాకు ఇద్దరు స్ట్రైకర్లున్నారండీ, ఇద్దరూ ఆణిముత్యాలే. సనా అని పంక్చర్ షాపు రియాజ్ గారి కూతురు. బంతి దొరికిందంటే దాన్ని పట్టుకునే వాళ్ళు లేరు. రెండోది హెప్సిబా, రెండు కాళ్ళతోనూ ఒకే బలంతో కొడుతుంది. మీ పద్ధతిలో వెనక నలుగురు, మధ్యలో అయిదుగురు, ముందు ఒక్కరే కదా. ఆ ఒక్కరూ ఎవరని చెప్పను?

చెప్పే బాధ లేకుండా మీ పాత కిటుకే వాడుతున్నాను. మ్యాచ్ రోజు తెల్లారకముందే వెళ్ళి, ఎంచుకున్న పిల్ల ఇంటి తలుపు మేకుకి తొమ్మిదో నంబరు జెర్సీ తగిలించి వచ్చేస్తాను. తలుపు తీశాక మేకుకి జెర్సీ లేకపోతే రెండో పిల్లకి సంగతి అర్థమైపోతుంది.

నిన్న సనా తలుపుకి తగిలించానండీ, నా చేత్తో. తీరా బస్సు దగ్గరికి హెప్సిబా వేసుకొచ్చింది! "మా తలుపుకే ఉంది టీచర్" అని ఒట్టేసింది. జెర్సీ తడిసి ముద్దయిపోయింది. వాన చినుకు లేదు. మెడ దగ్గర కొల్లేటి నాచు అంటుకుని ఉంది. పిల్లల ఆకతాయితనమని ఇద్దరినీ కేకలేసి, జెర్సీ విప్పించి సనాకిచ్చాను. హెప్సిబా ఆటంతా బెంచీ మీద కూర్చుని వణుకుతూనే ఉంది, అంత ఎండలోనూ.

ఇద్దర్నీ ఇమిడ్చే దారేదన్నా చెప్పండి మాస్టారూ.

మీ పాత తొమ్మిదో నంబరు,
శాలిని

తాడేపల్లిగూడెం,
ఆగస్టు 15

అమ్మా శాలినీ,

మోకాళ్ళు ఉన్నచోటే ఉన్నాయి, నడవడమే మానేశాయి. మా ఆవిడ, అదే మీ బీబీ గారు, మిషన్ తొక్కుతూనే ఉంది, నన్ను కూడా.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవే పిచ్చిదానా. ఇద్దర్నీ ముందు పెడితే మధ్య వరస బోసిపోతుంది. బంతి పోయిందంటే వెనక నలుగురూ రొప్పుతూ పరిగెత్తాలి. అవి ఆడపిల్లల కాళ్ళు, ట్రాక్టరు చక్రాలు కావు. ఒక్కర్నే పెట్టు. రెండోదానికి కోపం వస్తే రానీ. అప్పట్లో నాకూ నువ్వూ సువర్ణా ఉన్నారు కదా, ఏనాడన్నా ఇద్దర్నీ కలిపి దింపానా? పాపం సువర్ణ, ఎప్పుడు తలుచుకున్నా అన్నం సయించదు.

జెర్సీ సంగతి పిల్లల కొంటెతనమే. తెలివైన పిల్లలు, బాగానే ఆడతారు! మేకుకి తగిలించి ఇంటికి పోకుండా, మాటున నిలబడి చూడు.

నీ మాస్టారు,
అబ్దుల్ సలాం

కొల్లేటి గట్టు కాలనీ,
ఆగస్టు 25

ప్రియమైన మాస్టారికి,

నిన్న సెమీస్‌లో గెలిచాం. ఫైనల్‌కి వెళ్ళాం. అక్షరాలు వంకర పోయాయండీ, ఏమనుకోకండి.

ఇద్దర్నీ కలిపి దింపొద్దన్నారు గానీ, మీ మాట జవదాటి ప్రాక్టీసులో హెప్సిబాని ఎడమ పక్కన ఆడించి చూశాను. పక్కన ఉంటేనా! అయిదు నిమిషాలకోసారి మధ్యలోకి దూరిపోయి, సనా వెళ్ళే చోటికే తనూ వెళ్ళి, ఇద్దరూ తలలు గుద్దుకున్నారు. సరే, మీరన్నట్టు ఒక్కరే అనుకుని, ఈసారి వంతు హెప్సిబాకిచ్చాను. జెర్సీ ఆమె తలుపుకి తగిలించి, ఎదురుగా చర్చి అరుగు మీద కూర్చున్నాను. తూర్పున తెలుపు వచ్చిందాకా రెప్ప వెయ్యలేదు. ఎవ్వరూ రాలేదు మాస్టారూ. కుక్క కూడా అటు పోలేదు. వెలుగొచ్చాక చూస్తే మేకు ఖాళీగా ఉంది. తలుపు కింద మెట్టు తడిగా ఉంది.

సనా ఇంటికి పరిగెత్తాను. వాళ్ళ మేకు నుంచి నీళ్ళు కారుతున్నాయి. జెర్సీ లేదు, పిల్లా లేదు. రియాజ్ గారు, నేను, వీధిలో వాళ్ళం అందరం వెతుకుతుంటే, చేపల చెరువు కాపలా ఉండే బంగార్రాజు గారు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. "మోకాటిలోతు నీళ్ళల్లో నించుందండీ, దోనె కట్టే రేవు దగ్గర. పిలిస్తే పలకలేదు. ఇంకో నాలుగడుగులేస్తే ఊబండీ బాబూ" అన్నారు. ఒంటి మీద ఆ జెర్సీయే.

సనాకి టీ పట్టించి అడిగాను.

"ఓ అక్క వచ్చింది టీచర్. జెర్సీ ఇచ్చింది. 'మనకి మ్యాచ్ లేదుగా, రా, వలలెత్తొద్దాం' అంది. జడలకి రిబ్బన్లున్నాయి. జుట్టంతా తడి."

"ఇవాళొక్కరోజే కాదు టీచర్," అంది పక్కనున్న హెప్సిబా. "ముదినేపల్లి మ్యాచ్ రోజు నన్నూ పిలిచింది. మా అమ్మ లేచిందని వెళ్ళలేదు."

ఇంకోటి కూడా చెప్పాలి. నేను కొన్న జెర్సీలన్నీ ఏలూరు షాపులో అచ్చు కొట్టించినవి. సనా ఒంటి మీద ఉన్నదాని మీద తొమ్మిది అంకె ఎర్ర దారంతో చేత్తో కుట్టి ఉంది. తోక దగ్గర, అప్పట్లో మన జెర్సీకి మహబూబ్ బీ గారు వేసే రెండు ముళ్ళు. బస్సెక్కాక చూస్తే మామూలు అచ్చు జెర్సీయే. నా కళ్ళు చెడ్డాయో, బుర్ర చెడిందో తెలియడం లేదు.

ఫైనల్ ఏడో తారీఖున, ఏలూరులో. ఆ రోజు కూడా ఎవరో ఒకరు మిగిలిపోతారు కదండీ. ఆ మిగిలిపోయిన పిల్లని ఏం చేసుకోను?

శాలిని

తాడేపల్లిగూడెం,
ఆగస్టు 28

అమ్మా,

నీ ఉత్తరం మీ బీబీ గారికి చదివి వినిపించాను. మిషన్ ఆపేసి లోపలికి వెళ్ళిపోయింది. "మనకి మ్యాచ్ లేదుగా" అన్న మాట ఎవరిదో నాకూ తెలుసు, నీకూ తెలుసు. బెంచీ మీద కూర్చున్నప్పుడల్లా సువర్ణ నవ్వుతూ అనే మాటే అది.

పిల్లలిద్దర్నీ ఒంటరిగా వదలకు. ఫైనల్ దాకా మీ ఇంట్లోనే పడుకోబెట్టుకో.

ఇప్పుడొకటి అడుగుతాను. నా దగ్గర ట్రంకు పెట్టె ఉంది, అందులో మీరందరూ రాసిన ఉత్తరాలున్నాయి. ప్రతి మ్యాచ్‌కీ నాలుగేసి పేజీలు రాసేదానివి నువ్వు. 2004 ఫైనల్లో రెండు గోల్స్ కొట్టి కప్పు తెచ్చావు. ఆ మర్నాడు నువ్వు రాసింది ఒకటే లైను. "గెలిచాం మాస్టారూ" అని. సువర్ణ కొల్లేటి నుంచి తిరిగి రాలేదన్న బెంగ అనుకున్నాను ఇన్నాళ్ళూ. అదొక్కటేనా శాలినీ?

నీ మాస్టారు

కొల్లేటి గట్టు కాలనీ,
ఆగస్టు 31

మాస్టారూ,

అదొక్కటే కాదండీ.

ఆ రోజు తెల్లవారుజామున లేచి తలుపు తీశాను. మా మేకుకి ఏమీ లేదు. ఎదురింటి వైపు చూస్తే, సువర్ణ వాళ్ళ తలుపుకి వేలాడుతోంది. మీరు సువర్ణని ఎంచుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. గోల్స్ కొట్టేది నేనైతే ఫైనల్ దానికా అనుకున్నాను. వీధిలో ఎవరూ లేరు. నాలుగంగల్లో దాటి వెళ్ళి, తీసుకుని, లంగా కింద దాచుకుని ఇంట్లోకొచ్చేశాను. మాస్టారూ, నేను దొంగనండీ.

సువర్ణ ఆట చూడ్డానిక్కూడా రాలేదు. వాళ్ళమ్మ మణెమ్మ గారు తర్వాత చెప్పారు. తలుపు తీసి, ఆ మేకు వంక చాలాసేపు చూస్తూ నిలబడిందట. తర్వాత తెడ్డు తీసుకుని ఒక్కతే దోనె మీద వెళ్ళిందట. మధ్యాహ్నం గాలొచ్చింది. ఆ గాలిలోనే నేను రెండో గోల్ కొట్టాను. మూడో రోజుకి దొరికింది.

సమాధుల తోటకి తీసుకెళ్ళే ముందు, ఎవరూ చూడకుండా ఆ జెర్సీ మడిచి పెట్టెలో దాని కాళ్ళ దగ్గర పెట్టాను. దాని జెర్సీ దానికిచ్చేశాననుకున్నాను. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆ కప్పు ఫోటో మా ఇంట్లో గోడకి పెట్టలేదు.

ఇప్పుడు నా పిల్లల్ని తీసుకెళ్ళి బాకీ తీర్చుకుంటోంది. నన్ను పిలిస్తే పోదును కదా, పసిపిల్లల్ని ఎందుకు పిలవడం? నాకు మొహం చూపించకపోయినా ఫర్వాలేదు మాస్టారూ. పిల్లల్ని కాపాడే దారి చెప్పండి చాలు.

శాలిని

తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు 3

నా తల్లీ శాలినీ,

నీ ఉత్తరం పట్టుకుని రెండు పూటలు కూర్చున్నాను. ఇప్పుడు నేను చెప్పేది నిదానంగా చదువు.

ఆ జెర్సీ నేను సువర్ణ తలుపుకి తగిలించలేదు. నీ తలుపుకే తగిలించాను.

నా మతి పోయిందనుకోకు. ఆ ముందురోజు మీ బీబీ గారు నీ కొలతకని భుజాల దగ్గర కుట్లు విప్పి, వెడల్పు చేసి మళ్ళీ కుట్టింది. సువర్ణ నీకంటే జానెడు చిన్నది. వేసుకున్నప్పుడు నీకది అతికినట్టు సరిపోలేదూ? పంతొమ్మిదేళ్ళ పిల్లవు, తొందరలో అది ఆలోచించి ఉండవు.

మరి ఎదురు తలుపు మీదికెలా వెళ్ళింది? నీకంటే ముందు సువర్ణ లేచి ఉంటుంది. తన మేకు చూసుకుంది, నీ మేకు చూసింది. తీసుకెళ్ళి తన తలుపుకి తగిలించుకుంది. ఒక్కసారన్నా తన తలుపు మీద చూసుకోవాలనుకుందో, వేసుకుని వచ్చేద్దామనుకుందో మనకి తెలియదు. మళ్ళీ తలుపు తీసేసరికి అది లేదు. నువ్వు చూసేశావనుకుంది. నీకు మొహం చూపించలేక దోనెక్కింది. నువ్వు నీ దొంగతనానికి ఏడ్చావు, అది తన దొంగతనానికి సిగ్గుపడి పోయింది. ఆడిన ఆటలో ఇద్దరూ పిల్లలే.

అసలు దొంగని నేను. బిడ్డ కళ్ళల్లోకి చూసి "ఈ పూట నువ్వు కాదమ్మా" అని చెప్పే ధైర్యం లేక, గుడ్డముక్క చేత చెప్పించాను. ఇప్పుడూ సువర్ణ అప్పుడు చేసిన పనే చేస్తోంది, జెర్సీ తీసి మిగిలిపోయిన పిల్ల తలుపుకి తగిలిస్తోంది. ఇక ఏ తలుపుకీ ఏదీ తగిలించకు.

ఇద్దర్నీ దింపు. ఒరా కత్తులూ అని వాగింది నా పొగరు. సనా ముందుండాలి. హెప్సిబా దానికి పక్కన కాదు, పది అడుగులు వెనక. గోల్ వైపు కాదు, సనా వీపు వైపు చూస్తూ ఆడమను. బంతి మనదైతే హెప్సిబా పైకి, పోతే మధ్య వరసలోకి. అప్పుడు మధ్యలో అయిదుగురికి అయిదుగురూ ఉంటారు. ఈ సంగతి నాకు 2004లోనూ తెలుసు. నా పద్ధతి మార్చుకోవడం నామోషీ అనుకున్నాను.

నీ మాస్టారు,
సలాం

కొల్లేటి గట్టు కాలనీ,
సెప్టెంబరు 8

ప్రియమైన మాస్టారికి,

భుజాలు సరిపోయాయండీ. ఇరవై ఒక్క ఏళ్ళలో అది ఒక్కసారి కూడా తట్టలేదు. మీ ఉత్తరం చదివి ఏడ్చిన ఏడుపుకి మా ఇంట్లో పడుకున్న పిల్లలిద్దరూ లేచి, నాకు మంచినీళ్ళిచ్చారు.

ఫైనల్ రోజు ఏ తలుపు మొహమూ చూడలేదు. మైదానంలో ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టి, సనాకి తొమ్మిది, హెప్సిబాకి పది చేతికిచ్చాను. బెంచీ మీద ఉండాల్సిన ఆరుగురికీ ఒక్కొక్కరికీ మొహం చూసి చెప్పాను. ఒకమ్మాయి ఏడ్చింది. పక్కనే కూర్చుని ఏడవనిచ్చాను.

రెండు ఒకటితో గెలిచాం. రెండో గోల్ చూసి ఉంటే మీరు లేచి గంతేసేవారు, మోకాళ్ళు ఉన్నా లేకపోయినా. పక్క నుంచి వచ్చిన బంతిని సనా తాకకుండా కాళ్ళ మధ్య నుంచి వదిలేసింది. వెనక నుంచి హెప్సిబా కొట్టింది. "భలే వదిలావే, వెనక అది ఉందని ఎలా తెలిసింది?" అని అడిగాను. "హెప్సిబా 'వదిలెయ్' అని అరిచింది టీచర్" అంది. హెప్సిబా తను నోరే విప్పలేదంటోంది.

ఇవాళ తెల్లారి తలుపు తీస్తే, నా మేకుకి జెర్సీ ఉందండీ. ఎర్ర దారం, తోక దగ్గర రెండు ముళ్ళు, వెడల్పు చేసిన భుజాలు. ఎక్కడిదక్కడికి సువర్ణ తెచ్చి పెట్టేసింది. ఈసారి పొడిగా ఉంది, ఇస్త్రీ చేసినట్టు. నేను బాకీ అనుకున్నాను, అది తిరిగి ఇచ్చేద్దామని తిరుగుతోంది కాబోలు.

అది పట్టుకుని సమాధుల తోటకి వెళ్ళాను. సిలువకి తగిలించి, మొహం మొహం చూసుకున్నట్టే నిలబడి చెప్పాను. "నేనూ తీశానే, నువ్వూ తీశావు. చెల్లుకి చెల్లు. సాయంత్రం ప్రాక్టీసుంది. వలలూ గిలలూ లేవు, గ్రౌండుకి రా" అన్నాను. మతి లేని మాటలే, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

సాయంత్రం పిల్లలందరూ వచ్చారు. నా టీములో పదిహేడు మందండీ. మైదానం చుట్టూ పరిగెత్తిస్తూ లెక్కపెడితే పద్దెనిమిది వచ్చారు.

రెండోసారి లెక్కపెట్టలేదు. చీకటి పడుతోందని, అందర్నీ ఇంకో రౌండు పరిగెత్తమన్నాను.

మీ ఇద్దరు తొమ్మిదో నంబర్లలో ఒకతె,
శాలిని