నాలుగో సీసా

ఆదివారం, మధ్యాహ్నం
నా గది

గౌరవనీయురాలైన అమ్మకు,

పక్క గదిలోంచి నీ కూతురు నమస్కరించి రాయునది. నేను క్షేమం. నువ్వూ క్షేమమేనని వంటింట్లో గిన్నెల చప్పుడును బట్టి తెలుస్తోంది.

ఒకే ఇంట్లో ఉంటూ ఈ ఉత్తరమేమిటని నాన్న నవ్వుతారు. నవ్వనీ. ఎదురుగా నిలబడితే నాకు గొంతు పెగలదని నీకు తెలుసు. ఎంత కోపంలో రాసినా ముందు కుశలం అడగాలని కాన్వెంట్‌లో సిస్టర్లు నేర్పారు. అడిగాను. ఇక విషయానికి వస్తాను.

నా నీళ్ళ సీసాలు ఎందుకు తీసేశావు?

వచ్చే నెల కొండ దారిలో యాభై కిలోమీటర్ల పోటీ ఉందని నీకు తెలుసు. దానికి ముందు చేసే పరుగుల్లో అన్నిటికంటే పొడవైనది ఇవాళ్టిది. ఈ ఎండల్లోనే చెయ్యాలి, పోటీ కూడా ఈ ఎండల్లోనే కాబట్టి. అంతసేపటికి సరిపడా నీళ్ళు వీపున మోసుకుంటూ పరిగెత్తలేం. అందుకే ముందురోజే వెళ్ళి దారిలో అక్కడక్కడా సీసాలు దాచి వస్తారు. నిన్న నాన్న స్కూటర్ మీద తీసుకెళ్తే నేనూ అలాగే చేశాను. తారురోడ్డు కొండ దారిని తాకే నాలుగు చోట్లా, రాతి గుర్తుల వెనకాల, ఒక్కో సీసా పెట్టి పైన రాళ్ళు పేర్చాను. చీకట్లో తడుముకున్నా దొరకాలన్నంత జాగ్రత్తగా పేర్చాను.

మొదటి చోట రాళ్ళు చెదిరి ఉన్నాయి. సీసా లేదు. ఎవరో దాహం వేసి తాగారులే, పోనీ అనుకున్నాను. చేతిలో చిన్న సీసా ఉంది కదా, రెండో దాకా దానితో సర్దుకున్నాను. రెండో చోటా అంతే. మూడో చోట మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళన్నీ తవ్వి చూశాను. ఒక తొండ రాయి మీద కూర్చుని తల ఆడిస్తూ నన్నే చూసింది. నాకు తిట్లు పెద్దగా రావు. వచ్చిన రెండూ అక్కడే వాడేశాను.

అప్పటికి ఎండ నెత్తి మీదికి వచ్చేసింది. నాలుక అట్టముక్కలా అయింది. మొహం మీద ఉప్పు కట్టి, నవ్వితే పగిలేలా ఉంది. నవ్వే పనేమీ పడలేదనుకో. దానికి తోడు జనానికి శుభ్రత అనేది లేదు. దారి పొడుగునా ఎవరో పొదలకి గాజుగుడ్డ పీలికలు కట్టిపోయారు. నాలుగో చోట కూడా సీసా లేకపోయేసరికి ఆ కోపమంతా అక్కడి పీలిక మీద చూపించాను. పీకి జేబులో కుక్కుకున్నాను. అడవి కాస్తయినా బాగుపడుతుందని.

చివరి భాగం పరిగెత్తలేదమ్మా, నడిచాను. కొండ దారి గేటు దగ్గర కుళాయి కింద తల పెట్టేశాను. ఆ నీళ్ళు వేడిగా, తుప్పు వాసన వేస్తూ ఉన్నాయి. ఎంత బాగున్నాయో చెప్పలేను. కాపలాదారు జాలిపడి తన కుర్చీ ఇచ్చాడు. నేను సీసాల సంగతి చెప్పాను. తెల్లవారుజామున ఎవరో ఒకావిడ స్కూటర్ మీద వచ్చిందన్నాడు. తెల్ల బూట్లు వేసుకుందట, సంచీ నిండా నీళ్ళ సీసాలున్నాయట. ఇంత పొద్దున్నే ఏం పనమ్మా అని అడిగితే, నీకెందుకయ్యా అని గయ్యిమందట.

తెల్ల బూట్లు, స్కూటరు, గయ్యిమనడం. ఇంకెవరమ్మా?

ఇంటికొచ్చాక నాన్నని నిలదీశాను. నిన్న రాత్రి భోజనాల దగ్గర నేను లేచిపోయాక, సీసాలు ఎక్కడెక్కడ పెట్టారని నువ్వు అడిగావట. నాన్న చెంచాలు పేర్చి మరీ చూపించారట. ఆవిడ అడిగితే చెప్పకుండా ఈ ఇంట్లో బతకగలనా అన్నారు. ఆ తర్వాత నువ్వు ఏ పొద్దుకో పాత ట్రంకుపెట్టె తీసి దడదడలాడిస్తూ నాకు నిద్ర లేకుండా చేశావు. అదీ నా పరుగు చెడగొట్టడానికేనా?

నీకు ఈ పరుగు ఇష్టం లేదు. తెలుసు. ఎవరు తరుముతున్నారే నిన్ను అని ఏడాదిగా అడుగుతున్నావు. ఊళ్ళో బస్సులు మానేశారా అని అడుగుతున్నావు. పుస్తకాల పురుగుకి కాళ్ళు ఎప్పుడు మొలిచాయని నీ ఆసుపత్రి వాళ్ళందరితో చెప్పి నవ్విస్తున్నావు. అవన్నీ పడ్డాను. కానీ పోయిన వారం, అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే, ఎండదెబ్బ తగిలి మీ వార్డుకొచ్చిన వాళ్ళ కళ్ళు ఎలా తేలిపోతాయో, నాలుక ఎలా మడత పడుతుందో వర్ణించావు చూడు, అప్పుడు నా వల్ల కాలేదు. పరుగు గురించి ఈ ఇంట్లో నాతో ఇక ఒక్క మాట మాట్లాడొద్దని అరిచాను. నేను అరవగలనని నాకే తెలియదు. నువ్వు సరే అన్నావు. ఇంత తేలిగ్గా ఒప్పుకుందేమిటా అనుకున్నాను. నోటితో చెయ్యలేనిది చేత్తో చేశావన్నమాట.

ఇవాళ నేను గుమ్మంలోకి రాగానే ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్ళు బల్ల మీద పెట్టావు. నా మొహం చూసి, కాళ్ళు చూసి, ఖాళీ చేతులు చూసి, నోరు తెరిచి మళ్ళీ మూసేశావు. తప్పు చేసిన వాళ్ళ మొహం అలాగే ఉంటుంది. ఆ నీళ్ళు నేను ముట్టుకోలేదు.

ఇక అసలు సంగతి. పోటీలో సగం దారి దగ్గర ప్రతి ఒక్కరికీ సొంత మనిషి ఒకరు ఉండాలి. పరిగెత్తేవాళ్ళని చూసి, ముందుకు వెళ్ళొచ్చో ఆపెయ్యాలో ఆ మనిషే చెప్పాలి. మనిషి లేకపోతే అక్కడి నుంచి కదలనివ్వరు. నేను నీ పేరు ఇచ్చాను. నర్సువి కాబట్టి అని వాళ్ళతో అన్నాను. నిజానికి నువ్వు చూస్తావని ఇచ్చాను. రేపు ఫోన్ చేసి నీ పేరు తీయించి మా హెడ్ లైబ్రేరియన్ గారి పేరు పెట్టిస్తాను. ఆయన మా లైబ్రరీ మెట్లే ఆగి ఆగి ఎక్కుతారు. అయినా నా నీళ్ళు ఎత్తుకుపోరు.

ఈ ఉత్తరం నాన్నతో పంపిస్తున్నాను. జవాబు అక్కర్లేదు.

ఇట్లు,
ఇవాళ్టి వరకూ నీ మాట విన్న
కూతురు

తా.క.
సోమవారం, రాత్రి

నాన్న నిన్న ఈ ఉత్తరం తీసుకోలేదు. రాత్రి నిద్రపోయి లేచాక కూడా పంపాలనిపిస్తే అప్పుడిస్తే చాలన్నారు. అందుకని ఇంకా నా దగ్గరే ఉంది.

ఇవాళ లైబ్రరీ నుంచి నేరుగా కొండ దారికి వెళ్ళాను, సీసాలు దాచడానికి ఇంకెక్కడైనా మంచి చోటు ఉందేమో చూద్దామని. మొదటి రాయి దగ్గర నిలబడితే గాజుగుడ్డ పీలిక కనిపించింది. ఈసారి కోపం లేదు కాబట్టి ముడి చూశాను. చిన్నప్పుడు నా మోకాలి కట్లకి నువ్వు వేసే ముడి. ఆ పొద కింద, ఎండ ఎప్పుడూ పడని చోట, నా సీసా ఉంది. దానికి ట్రంకుపెట్టెలోని నా కాన్వెంట్ రోజుల తెల్ల మేజోడు తొడిగి ఉంది. ఎండిపోయింది కానీ, చల్లదనానికి తడిపిన మరక ఇంకా ఉంది. నీ సంచీలో నీళ్ళు దేనికో అప్పుడు అర్థమైంది.

నేను ఎండలో పెట్టిన నీళ్ళని నువ్వు నీడలోకి మార్చావు. ఒక్క మాట మాట్లాడొద్దన్నానని, ఆ సంగతి చెప్పకుండా ఊరుకున్నావు. నోరు మూసుకోమంటే ఇంత శ్రద్ధగా మూసుకుంటారా ఎవరైనా? కూతురు నాలుక పిడచకట్టి గుమ్మంలో నిలబడినా మాట మీద నిలబడటమేనా? నీతో ఎలా వేగాలో నాకు తెలియడం లేదు.

ఫోన్ చెయ్యలేదు. నీ పేరు అలాగే ఉంది.

మిగతా పీలికల కిందా వెతికి మూడు సీసాలు తెచ్చాను. మేజోళ్ళు ఉతికి తీగ మీద వేశాను. నాలుగో సీసా మాత్రం దొరకలేదు. ఆ పీలిక పీకింది నేనే కదా. చీకటి పడేదాకా వెతికి వచ్చేశాను.

ఎక్కడ పెట్టావో చెప్పు. కాగితం మీద వద్దు. ఈ గదిలోకి వచ్చి, నోటితో చెప్పు.