ఫోల్డర్‌లో ఉన్నవన్నీ

12 జూన్ 2008
సైటు థీమ్‌లో స్క్రిప్టు ఫైళ్లు పెరిగిపోతున్నాయి. నా కింద పని నేర్చుకుంటున్న సుగుణ ఒక్కోదానికీ ఒక్కో లైను రాస్తోంది, జీడిపప్పు ఒలుస్తున్నట్టు. నేను చిన్న లూప్ రాసి పడేశాను. ఇక ఫోల్డర్‌లో ఏ ఫైలు వేసినా దానంతట అదే పేజీలోకి ఎక్కుతుంది.
"అక్కర్లేందేటైనా పడితే అదీ ఎక్కిపోద్ది కదన్నా."
"నీలాంటివాళ్లు పనిలో ఉంటే పడుతుంది."
మొహం మాడ్చుకుంది. హాయిగా అనిపించింది.

14 జూన్
ఉద్దానం కిడ్నీ రోగుల సైటు ఇది. ఫోటో, ఊరు, ఒంటి పరిస్థితి. విశాఖలో డయాలసిస్‌కి వంతులు ఇప్పించే ట్రస్టు పెద్దాయన ఇది చూసే పేర్లు ఖాయం చేస్తాడట. మా మావకీ వంతు వచ్చింది.
చనిపోయినవాళ్ల ఫోటోకి దండ పడాలి. పరీక్షకి ఓ ఫైలు రాశాను — చేతికి అందింది మావ ఫోటో, దానికే వేశాను. బాగా కుదిరింది. నవ్వొచ్చింది కూడా.

17 జూన్
సైటు నెట్‌లోకి ఎక్కించాం.

18 జూన్
పరీక్ష ఫైలు ఫోల్డర్‌లోనే ఉండిపోయింది. లూప్ దాన్నీ ఎక్కించింది. మావ ఫోటోకి దండ...
సోంపేట చుట్టాలు ఏడుస్తూ వజ్రపుకొత్తూరులో మావ ఇంటిముందు ఆటో దిగారట. తలుపు తీసింది మావే.
ట్రస్టు పెద్దాయనా చూశాడు. మావ వంతు జాబితాలో తర్వాతున్న కవిటి మేష్టారికి ఇచ్చేశాడు. ఫోన్లో బతిమాలాను. "బతికే ఉన్నారా? సంతోషం. కానీ ఇచ్చేశాం కదండీ."

19 జూన్
సుగుణని రేపటినుంచి రావద్దన్నాను.
"ఆ ఫైలు నాను రాయలేదు కదన్నా."
"ఎక్కించింది నువ్వు."
నిజమే కదా. నేను చెబితేనే ఎక్కించింది, అది వేరే సంగతి.

21 జూన్
మావ కాళ్లు వాచాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉంటోంది. తప్పు సుగుణదేనని చెప్పాను.
"ఆ పిల్లనేటీ అనకురా. సిన్నపిల్ల."
ఒళ్లు మండింది. ఈ మంచితనం చూస్తే నాకు అసహ్యం.

22 జూన్
లూప్ తీయలేదు. ఎందుకు తీయాలి?

25 జూన్
ట్రస్టు ఫోన్. కవిటి మేష్టారు పోయారు. వంతు ఖాళీ — రేపు పొద్దున్నకల్లా మావని తీసుకురమ్మన్నారు. గంతెయ్యాలనిపించింది. దాచుకోవడం ఎందుకు, నిజంగానే అనిపించింది.
అత్త సంచి సర్దేసింది. మావ మంచం దిగడు.
"ఎవులు పోతే ఈ వంతొచ్చింద్రా?"
"తెలీదు మావా."
"నీకు తెలకుండా ఎలాగుంటాది? పేరు సెప్పు. అప్పుడే బయల్దేరతాను."
ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. పలాసలో రైలు అందుకోవాలి. అత్త రెండుసార్లు పిలిచింది. మావ చెప్పులు వేసుకోలేదు, నా నోటివంకే చూస్తున్నాడు.