మూడు చీటీల్లోనూ ఒకటే ఊరు

ఏమండీ, మేడమీది మిరపకాయలు పొద్దు వాలకముందే గోతాంలోకి ఎత్తండి. పాస్‌పోర్టు పనిమీద విజయవాడ బస్సెక్కుతున్నాను.

ఒక తప్పు చెప్పుకోవాలి. ఏ దేశంలో, ఏ సముద్రపు ఊళ్ళో ఉండి నా ఆఫీసు పని ఆన్‌లైన్లో చేసుకోవాలో తేల్చడానికి నిన్న ప్రార్థనయ్యాక చీటీలు వేశాం కదా. వియత్నాంలోని దనాంగ్ వచ్చింది. "దేవుడే దారి చూపిచ్చాడే పిల్లా!" అని చీటీ తీసిన అత్తయ్య మురిసిపోయింది. మూడింటిలోనూ నేను దనాంగే రాశాను. మన తొమ్మిదంటే అక్కడ పదిన్నర, అప్పటిదాకా నా పని మొదలవదు. రోజూ పొద్దున్నే ఇద్దరం ఒడ్డున నడవొచ్చని తెలిసినప్పటినుంచి కాలు నిలవడం లేదు.

మీకు ఏ ఊరు ఇష్టమో ఒక్కసారీ అడగలేదు. బైబిల్లో ఖాళీ చీటీ పెట్టాను. మీరే రాయండి.

ప్రిస్కిల్లా

మీ సొంతూరు క్రోసూరు మాత్రం రాయకండి. అక్కడ సముద్రం లేదు.